మూడు గుండ్ల సాక్ష్యం: వైల్డ్‌క్యాట్ రైఫిల్‌కు తూటా ఎలా కుదురుతుంది?

మొన్న ఎండాకాలం మా మేనల్లుడు అమెరికా నుంచి హన్మకొండ వచ్చాడు. ఉద్యోగం మోంటానా రాష్ట్రంలో, బోజ్‌మన్ ఊళ్లో. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాపేసుకుని కూర్చున్నప్పుడు ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. తెల్ల కాగితం మీద మూడు రంధ్రాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మూడింటినీ రూపాయి బిళ్లతో కప్పేయొచ్చు. "వంద గజాల నుంచి కొట్టిన మామా. ఇగ గిదే ఫైనల్ లోడ్" అన్నాడు. తన వేట రైఫిల్‌కు తూటాలు తనే నింపుకుంటాడు; ఏ గుండుకు ఎంత మందు పోయాలన్న ఆ లెక్కే లోడ్.

నేను తుపాకీ పట్టినవాణ్ని కాదు. ముప్ఫై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. "మూడంటే మూడేనా?" అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్న మీద మూడు రాత్రులు కూర్చున్నాం. ఆ మాటల్లో నాకు తెలిసొచ్చిందేమిటంటే, సొంత తూటాల పనిలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ఈ తూటా సురక్షితమా? ఎంత వేగంగా వెళ్తుంది? ఎంత దగ్గర దగ్గరగా కొడుతుంది? ఒకదానికి దొరికిన జవాబును ఇంకోదానికి అతికించడం వల్లే ఇందులో సగం పొరపాట్లు జరుగుతాయి.

ముందు ఒక మాట. ఇది మన దగ్గర ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారు చేయాలన్నా లైసెన్సు ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది. ఏటూరునాగారం, పాకాల అడవులు ఇప్పుడు అభయారణ్యాలు. మోంటానాలో సంగతి వేరు. అక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పిని లైసెన్సు తీసుకుని, అక్టోబరు చివర మొదలై ఐదు వారాలు సాగే సీజన్‌లో వేటాడతారు. తూటాలు సొంతంగా నింపుకోవడం అక్కడ చట్టబద్ధమైన హాబీ.

మన వార్తల్లో తూటా, బుల్లెట్, గుండు ఒకటే అన్నట్టు రాస్తారు. ఇక్కడ వేరు చేసి చూడాలి. తూటా అంటే నాలుగు వస్తువుల జట్టు: ఇత్తడి కేస్, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకి మందు, మూతి దగ్గర బిగించిన గుండు. తుపాకీలోంచి ఎగిరిపోయేది గుండు ఒక్కటే. కేస్ మళ్లీ చేతికొస్తుంది. దాన్ని శుభ్రం చేసి, సరైన కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టడమే హ్యాండ్‌లోడింగ్. మందునూ గుండునూ తూచే కొలమానం పేరు గ్రెయిన్. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. మన అవుసలివాళ్లు ఒకప్పుడు బంగారం తూచిన గురిగింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కొద్దిగా తక్కువ. మా వాడు తూటా తూటాకూ తేడా చూసుకునేది గ్రెయిన్‌లో పదో వంతు దాకా, అంటే గురిగింజలో దాదాపు ఇరవయ్యో వంతు.

ఇక వైల్డ్‌క్యాట్. ఫ్యాక్టరీ తూటాలకు అమెరికాలో 1926లో ఏర్పడిన సామీ అనే సంస్థ కొలతలూ, గరిష్ఠ ఒత్తిడీ నిర్ణయిస్తుంది. ఏ కంపెనీ తూటా అయినా ఆ కొలత రైఫిల్‌లో పట్టేది అందుకే. ఆ జాబితాలో లేకుండా, ఉన్న కేస్‌నే మార్చి ఎవరో సొంతంగా చేసుకున్న రకాన్ని వైల్డ్‌క్యాట్ అంటారు. కేస్‌ను ఒక చెంబులా ఊహించుకోండి. ఒళ్లు, భుజం, మెడ ఉంటాయి. మెడ సన్నం చేస్తే చిన్న గుండు పడుతుంది, వెడల్పు చేస్తే పెద్దది. ఒళ్లు నిలువుగా తీర్చి, భుజం నిటారుగా చేస్తే లోపల చోటు పెరుగుతుంది. ఇలా పుట్టినవాటిలో కొన్ని తర్వాత పెద్దమనుషులయ్యాయి. .22-250ని రెమింగ్టన్ కంపెనీ 1965లో, .25-06ను 1969లో సొంతం చేసుకుని ఫ్యాక్టరీ తూటాలుగా అమ్మింది. అంతకు ముందు కొన్ని దశాబ్దాల పాటు అవి వైల్డ్‌క్యాట్‌లే.

మా వాడిది .30-06 ఆక్లీ ఇంప్రూవ్డ్. 1906 నాటి .30-06 కేస్‌ను పి. ఓ. ఆక్లీ అనే తుపాకుల మేస్త్రి పద్ధతిలో మార్చినది: ఒంటి వాలు తగ్గించి, భుజాన్ని 40 డిగ్రీల కోణంలో నిలబెట్టారు. దీనికి తగ్గట్టు మేస్త్రి బ్యారెల్ వెనుక గదిని, అంటే ఛాంబర్‌ను, రీమర్‌తో తొలుస్తాడు. మామూలు .30-06 తూటాను ఈ గదిలో పెట్టి కాలిస్తే ఇత్తడి ఉబ్బి గది ఆకారం తెచ్చుకుంటుంది. దీన్ని ఫైర్‌ఫార్మింగ్ అంటారు. కాకపోతే గదిని మామూలు కొలత కంటే అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులు పొట్టిగా తొలవాలి. అప్పుడే పాత తూటా మెడ మొదట్లో గట్టిగా ఆనుకుని కదలకుండా ఉంటుంది. అది వదులైతే కేస్ అడుగు దగ్గర సాగి చీలిపోతుంది.

ఇత్తడి గురించి చెబుతుంటే పెంబర్తి గుర్తొచ్చింది. హైదరాబాద్ దారిలో జనగామ దగ్గర, రేకుల మీద శిల్పాలు దించే ఆ ఊళ్లో పని చూసినవాళ్లకు తెలుసు: ఇత్తడిని కొట్టేకొద్దీ అది బిరుసెక్కుతుంది. మంటలో కాచకుండా ఇంకా కొడితే పగులుతుంది. తూటా కేస్‌లో ఉన్నదీ అలాంటి లోహమే, 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్. ప్రతిసారి కాల్చినప్పుడు ఉబ్బుతుంది, నింపేటప్పుడు నొక్కుడు పడుతుంది. నాలుగైదు సార్లయ్యాక మెడ బిరుసెక్కి గుండును ఒక్కో కేస్ ఒక్కో రకంగా పట్టుకుంటుంది. అందుకే మెడను మాత్రం కొన్ని సెకన్లు మంటలో కాచి మెత్తబరుస్తారు. అడుగు భాగానికి వేడి తగలనివ్వరు. ఒత్తిడి మోసేది అదే, మెత్తబడితే ప్రమాదం. ఈ సంగతి చెప్పగానే మా వాడు "పెంబర్తికి ఒకసారి పోదాం మామా" అన్నాడు, పోయాం కూడా.

అసలు చిక్కు మందులో ఉంది. గ్రానైట్ క్వారీల్లో పెట్టే పేలుడు పదార్థం వేరు, తూటా మందు వేరు. క్వారీ మందు పేలుతుంది. తూటా మందు కాలుతుంది, కాకపోతే మహా వేగంగా. దీనికి మూలం నైట్రోసెల్యులోజ్. 1884లో పాల్ వియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చేసిన పొగలేని మందు నుంచి ఈ వంశం మొదలైంది. ఇదే మందును ఆరుబయట పోసి ముట్టిస్తే భగ్గున మండి ఊరుకుంటుంది. మూసి ఉన్న చోట మండితే వాయువులు నిండి ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ మంట వేగం పెరుగుతుంది, మంట వేగం పెరిగేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసును ఆపేది ముందుకు పరిగెత్తే గుండు ఒక్కటే. అది కదిలేకొద్దీ వెనుక చోటు పెరిగి ఒత్తిడి దిగుతుంది. ఈ తతంగమంతా సెకనులో వెయ్యో వంతుకు అటూఇటూ ముగుస్తుంది.

అందుకే ఇక్కడ లెక్క తిన్నగా నడవదు. మందు కాస్త పెంచితే వేగం కాస్త పెరుగుతుంది, ఒత్తిడి మాత్రం చాలా పెరుగుతుంది. .30-06కు సామీ పెట్టిన గరిష్ఠం చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. మన కారు టైర్లో గాలి 32. దాదాపు 1,900 రెట్లు, ముఖానికి జానెడు దూరంలో. త్వరగా కాలే పిస్టల్ మందును పొరపాటున రైఫిల్ కేస్ నిండా పోస్తే రైఫిల్ మిగలదు. చూడ్డానికి మందులు చాలావరకు ఒకేలా నల్లటి పలుకులు. అందుకే పద్ధతిగా పనిచేసేవాళ్ల బల్ల మీద ఎప్పుడూ ఒకటే డబ్బా ఉంటుంది.

మామూలు తూటాకు పుస్తకం ఉంది. తూటా మందు చేసే కంపెనీలు ప్రయోగశాలలో ఒత్తిడి కొలిచి, ఈ గుండుకు ఈ మందు ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడ ఆపాలి అని అచ్చేస్తాయి. వైల్డ్‌క్యాట్‌కు చాలాసార్లు ఆ పుస్తకం ఉండదు. కేస్ పెద్దదై గుండు వెడల్పు మారకపోతే మాతృ తూటా లెక్కతో కిందినుంచి మొదలుపెట్టొచ్చు, చోటు ఎక్కువ కాబట్టి ఒత్తిడి తక్కువే వస్తుంది. మెడ సన్నం చేసిన రకానికి ఈ ఉపాయం పనిచేయదు. సన్నని గొట్టంలో అదే మందు ఒత్తిడిని పైకి నెడుతుంది.

మరి ఆపాల్సిన చోటు ఎలా తెలుస్తుంది? పాతకాలం జవాబు, ఇత్తడిని చూడు అని. ప్రైమర్ చదునైందా, కేస్ అడుగున మెరిసే మచ్చ పడిందా, ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్ట్ లేపడానికి బిగుసుకుందా అని చూస్తారు. ఇవి నిజమైన గుర్తులే. ఏ ఒక్కటి కనిపించినా అక్కడే ఆగి వెనక్కి తగ్గాలి. కానీ ఇవి కనిపించకపోతే ఒత్తిడి హద్దులోనే ఉందని అర్థం కాదు. గట్టి ఇత్తడి, గట్టి ప్రైమర్ ఉన్న తూటాలో హద్దు దాటాక ఎంతో దూరం వెళ్తే గానీ ఏ గుర్తూ కనపడకపోవచ్చు. మా వాడు మొదటి రాత్రి ధీమాగా చెప్పింది ఇదే: "ప్రైమర్లు చూసిన మామా, మంచిగనే ఉన్నయి."

అప్పుడు కాగితం, పెన్ను తెప్పించాను. వాడి తూటా వేగం, రాడార్ పరికరం చెప్పిన ప్రకారం, సెకనుకు 2,930 అడుగులు. అదే గుండుకు మామూలు .30-06 పుస్తకం చూపే గరిష్ఠం 2,800. అంటే 130 అడుగుల లాభం. ఇది ఎక్కణ్నుంచి వచ్చింది? చేతి తూటాల వాళ్లు ఎప్పట్నుంచో నమ్మే ఒక లెక్క ఉంది. గుండు, గొట్టం, ఒత్తిడి మారకుండా కేస్‌లో చోటు ఎంత శాతం పెరిగితే, వేగం అందులో నాలుగో వంతు శాతం పెరుగుతుంది. చోటును నీళ్లతో కొలుస్తారు. మామూలు కేస్‌లో సుమారు 68 గ్రెయిన్ల నీళ్లు పడతాయి, వాడి కేస్‌లో 72. పెరుగుదల 6 శాతం. వేగం పెరగాల్సింది ఒకటిన్నర శాతం, అంటే 42 అడుగులు. వాడి బ్యారెల్ 26 అంగుళాలు, పుస్తకం వాడింది 24. అంగుళానికి ఇరవై, పాతిక అడుగులు వేసుకుంటే ఇంకో 45. మొత్తం 87. మిగిలిన 43 అడుగులు?

వాడు కాసేపు మాట్లాడలేదు. వాటికి ఒకటే జవాబు: ఒత్తిడి. పుస్తకం ఆగమన్న చోట ఆ రైఫిల్ ఆగలేదు. ఇంప్రూవ్డ్ తూటాల గురించి తరతరాలుగా చెప్పుకునే గొప్ప వేగాల్లో చాలా భాగం ఇలా వచ్చినవేనని నా నమ్మకం. కేస్ ఆకారం తెచ్చింది కొంచెం, తెలియకుండా ఎక్కించిన ఒత్తిడి తెచ్చింది మిగతాది. గుండు వేగం చెప్పే పరికరం ప్రతి షూటింగ్ రేంజ్‌లోనూ లేని రోజుల్లో ఈ తీసివేత చేయడం కష్టం. ఇప్పుడు కష్టం కాదు. ఇత్తడి గుర్తుల కంటే ఈ తీసివేత మంచి సాక్షి. ఉచితంగా వేగం వచ్చిందనిపిస్తే, దాని ధర ఎక్కడో కట్టేసి ఉంటాం.

ఎండ కూడా ఇందులో కలుస్తుంది. కొన్ని మందులకు ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ పెరిగితే వేగం సెకనుకు ఒక అడుగు పెరుగుతుంది. వేడిని పెద్దగా పట్టించుకోని మందులూ ఉన్నాయి. ఆగస్టు ఎండలో కుదిర్చిన తూటా నవంబరు మంచులో 80 డిగ్రీలు చల్లబడితే 80 అడుగులు నెమ్మదిస్తుంది. దాంతో నష్టం చిన్నదే. తిరగేసి, చలిలో హద్దు దాకా నింపిన తూటా ఎండలో నిలిపిన కారులో ఉడికితే ప్రమాదం. రామగుండం మే నెల ఎరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

రెండో రాత్రి ఆ మూడు రంధ్రాల దగ్గరికి వచ్చాం. వాడు చేసిన పని ఇది: పది రకాల మందు బరువులు, 0.2 గ్రెయిన్ చొప్పున మెట్లు. ఒక్కో మెట్టుకు మూడు తూటాలు. అన్నిటికంటే దగ్గరగా పడ్డ మెట్టును ఎంచుకున్నాడు. వేలమంది చేసేది ఇదే. నా క్లాసులో ఒక ఆట ఆడిస్తాను. ఒకే డబ్బాలో అంకెలు రాసిన చీటీలు వేసి పది జట్లను తలా మూడు తీయమంటాను. ప్రతి జట్టు తన పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసి బోర్డు మీద రాస్తుంది. డబ్బా ఒకటే, అయినా అతి చిన్న తేడాకూ అతి పెద్ద తేడాకూ మధ్య నాలుగైదు రెట్లు వస్తుంది. గెలిచిన జట్టు చేతిలో మహిమేమీ లేదు. వాడి పది గుంపుల్లో, అంటే మెట్టుకు మూడేసి రంధ్రాల్లో, అన్నిటికంటే చిన్నది కూడా ఆ జట్టు లాంటిదే కావచ్చు.

ఇంకో లెక్క. పైకీ కిందికీ ఉండే చెదురును ప్రామాణిక విచలనంతో, అంటే సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకెతో, కొలిస్తే, మూడు గుండ్లు కాల్చినప్పుడు పై రంధ్రానికీ కింది రంధ్రానికీ మధ్య దూరం సగటున దానికి 1.69 రెట్లు వస్తుంది. ఐదు కాలిస్తే 2.33 రెట్లు, పది కాలిస్తే 3.08, ఇరవై కాలిస్తే 3.73. రైఫిల్ మారలేదు, తూటా మారలేదు. ఎక్కువసార్లు అడిగేసరికి నిజం బయటపడుతుంది. ఫ్యాక్టరీల్లో నాణ్యత తనిఖీకి వాడే పట్టికలోని అంకెలే ఇవి, మా పిల్లలకు కంఠతా వచ్చు.

వేగం నిలకడకూ ఇదే సమస్య. మూడు గుండ్ల వేగాల విచలనం 10 అడుగులు అని పరికరం చూపించిందనుకోండి. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అసలు విచలనం 5 నుంచి 63 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పది గుండ్లతో 10 వస్తే 7 నుంచి 18. ముప్ఫైతో వస్తే 8 నుంచి 13. మూడు గుండ్ల అంకెను పట్టుకుని ఈ మందు మంచిది, ఆ ప్రైమర్ చెడ్డది అని తీర్పులు చెప్పడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎంత బ్యారెల్, ఎంత డబ్బు, ఎన్ని ఆదివారాలు అలా పోతాయో!

లాడర్ టెస్ట్ అని ఇంకో పద్ధతి ఉంది. మెట్టుకు ఒక్కో గుండు కాల్చి, మందు పెరిగినా వేగం పెరగని చదును చోటు వెతుకుతారు. అక్కడ రైఫిల్ స్థిమితంగా ఉంటుందని నమ్మకం. ఈ సైజు తూటాలో గ్రెయిన్‌కు సుమారు 50 అడుగులు పెరుగుతాయి, కాబట్టి 0.2 మెట్టుకు 10 అడుగులు. ఒక్కో గుండు వేగంలో సహజంగా ఉండే విచలనం 12 అనుకుంటే, పక్కపక్క రెండు గుండ్ల తేడాలో విచలనం 17. పది అడుగుల మెట్టు ఆ పదిహేడులో మునిగిపోతుంది. ఇంచుమించు నాలుగింట ఒకసారి తర్వాతి గుండు పెరగకుండా తగ్గినట్టే కనిపిస్తుంది. చదును చోట్లు కనపడటం వింత కాదు, కనపడకపోతేనే వింత. మర్నాడు మళ్లీ కాలిస్తే చదును ఇంకోచోట ఉంటుంది.

అలాగని వాడి ముప్ఫై గుండ్లు వృథా అని నేననను. వాటిని కలపాలి. పది మెట్ల వేగాలన్నీ ఒక గ్రాఫు మీద పెట్టి వాటి మధ్యగా ఒకే గీత గీస్తే, మందుకూ వేగానికీ సంబంధం ముప్ఫై గుండ్ల బలంతో తెలుస్తుంది. మెట్టు మెట్టుకూ వచ్చిన విచలనాల వర్గాలను సగటు చేస్తే నిలకడ అంకె కూడా గట్టిపడుతుంది. ఆ రాత్రే లాప్‌టాప్‌లో చేశాం. వేగం విచలనం 13 దగ్గర తేలింది. వాడు మురిసిపోయిన మెట్టులో అది 4.

మరి 13 చెడ్డదా? లెక్క కట్టాం. వేగం ఒక శాతం, అంటే 29 అడుగులు తగ్గితే, వంద గజాల దూరంలో గుండు మిల్లీమీటరుకు కాస్త పైన కిందికి పడుతుంది. మూడు వందల గజాల్లో అర అంగుళం. ఎల్క్ ఊపిరితిత్తులు అడుగుకు మించి వెడల్పు. అంటే వేటగాడికి 13కీ 8కీ తేడా కనిపించనే కనిపించదు. వెయ్యి గజాల పోటీల వాళ్లకు ఆ తేడా ప్రాణం, వాళ్ల సలహాలు వేట రైఫిల్‌కు తెచ్చుకోవడంతో కొత్తవాళ్లకు అనవసరమైన టెన్షన్. ఇంకొకటీ గమనించండి: వంద గజాల కాగితం మీది గుంపు వేగం నిలకడ గురించి దాదాపు ఏమీ చెప్పదు, వేగం నిలకడ ఆ గుంపు గురించి ఏమీ చెప్పదు. వేర్వేరు ప్రశ్నలన్నది ఇందుకే.

గుంపును నిజంగా మార్చేవి ఏమిటని అడిగితే నేను ముందు గొట్టం, గుండు అంటాను. మంచి బ్యారెల్‌కు నచ్చే గుండు దొరికితే మందును 0.2 గ్రెయిన్ అటూఇటూ జరపడంతో వచ్చే మార్పు చిన్నది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ వాళ్లను చూడండి. .22 తూటాను ఇంట్లో నింపడం కుదరదు కాబట్టి వాళ్లు కంపెనీ పరీక్ష కేంద్రానికి వెళ్లి, బ్యారెల్‌ను బిగించి, ఒక్కో లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) నుంచి పదుల కొద్దీ గుండ్లు కాల్చి, తమ గొట్టానికి నచ్చిన లాట్‌ను పెట్టెల కొద్దీ కొంటారు. అంత పెద్దవాళ్లే మూడు గుండ్లను నమ్మరు.

మూడో రాత్రి తీర్మానం చేసుకున్నాం. మందు తగ్గించి వేగాన్ని 2,880 దగ్గరికి దించాలి. ఆ తగ్గింపు ఎల్క్‌కు తెలియదు, బోల్ట్‌కు తెలుస్తుంది. పాత కాగితాలు పక్కన పెట్టి, ఆ తగ్గించిన మెట్టు మీద కొత్తగా కాల్చాలి. వేటలో పనికొచ్చేది చల్లని గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు కాబట్టి, ఒకేసారి పది కాల్చొద్దు. పది రోజులు రేంజ్‌కు వెళ్లినప్పుడల్లా ముందు ఒక్క గుండు, ప్రతిసారీ అదే కాగితం మీద.

సెప్టెంబరు చివర్లో వాట్సాప్‌లో ఆ కాగితం వచ్చింది. పది రంధ్రాలు, ఒక్కోదాని పక్కన పెన్నుతో తేదీ. తొమ్మిది దగ్గరగా, ఒకటి మాత్రం ముప్పావు అంగుళం కుడివైపు. "నాలుగో దినం గాలి మస్తుగుండె మామా. అది తీసేయాల్నా?" అని అడిగాడు. అక్టోబరులో గాలి ఉండదా అని రాశాను. ఆ రంధ్రాన్ని లెక్కలో ఉంచాడు.